బండి కింద కుక్క

మా కరుణత్త ఫోన్ చేస్తే బాగున్నావా, తిన్నావా ఉండవు. ముప్పై ఆరేళ్ళు చిన్న తరగతులకు పాఠం చెప్పిన మనిషి కాబట్టి హాజరు తీసుకున్నట్టే మాట్లాడుతుంది. "దయా, వచ్చే శుక్రవారం బడికి రావల్ల. చొక్కా ఇస్త్రీ చేసుకోని రా. పిల్లోళ్ళకు నిన్ను చూపించాల," అంది. నన్ను చూడ్డానికి ఏముందత్తా అన్నాను. "నాకూ అదే తెలీలేదప్పా. కానీ అట్ట మీద నీ పేరుండాది కదా. పేరుండే మనిషిని చూపించడం మన బడి పద్ధతి. మనిషి ఎట్లుంటే మనకేం," అని పెట్టేసింది.

జ్ఞాపకాలు రాయడానికి ఒక వయసు ఉంటుందంటారు. తల నెరవాలి, మోకాళ్ళు నొప్పి పుట్టాలి, వినేవాళ్ళు ఒక్కొక్కరే లేచిపోయి ఉండాలి. నాకు ముప్పై నిండడానికి ఇంకా రెండేళ్ళున్నాయి, నెరిసిన వెంట్రుకలు మూడే. వాటిలో రెండు మా దుకాణం ఓనరు వల్ల వచ్చినవి. బళ్ళారిలో ఒక ఫ్లెక్సుల దుకాణంలో నా ఉద్యోగం. పగలంతా నాయకుల తలకాయలు కత్తిరించి నీలాకాశంలో అతికిస్తుంటాను. ఒక్కొక్క పుట్టినరోజు ఫ్లెక్సు మీద ముప్పై పేర్లకు తక్కువుండవు. శుభాకాంక్షలు చెప్పేవాళ్ళు, వాళ్ళను చెప్పమన్నవాళ్ళు, వాళ్ళ తమ్ముళ్ళు, తమ్ముళ్ళ స్నేహితులు. ఆ ఆకాశం ఎవరు వేశారో మాత్రం ఎక్కడా ఉండదు. ఆదివారాలు కూడబెట్టుకుని ఈ మధ్య పిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం వేశాను. ముప్పై రెండు పేజీలు, ఒక మేక, ఒక కాలవ. అట్ట మీద అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో, 'బొమ్మలు: దయాకర్' అని ఉంటుంది. ఆ చిన్న అక్షరాలను నేను ఎన్నిసార్లు చూసుకున్నానో చెప్పను. మొదటి వారం మాత్రం పుస్తకాన్ని మంచం పక్కన బోర్లా పెట్టుకోవాల్సి వచ్చింది.

అత్త ఫోన్ పెట్టేశాక ఇస్త్రీ పెట్టె వెతుక్కుంటుంటే, ఎందుకో ముక్కుకు కొత్త జీన్స్ గుడ్డ వాసన తగిలింది. కురుగోడులో మా ఇంటి గురించి నాకు గుర్తున్న మొదటి వాసన అదే. నాన్న రోజూ పొద్దున బస్సుకు బళ్ళారి పోయి జీన్స్ ప్యాంట్లు కుట్టే కార్ఖానాలో పనిచేసేవాడు. సాయంత్రం తిరిగొచ్చేటప్పటికి ఆయన వేళ్ళు, గోళ్ళు, చెవి వెనక గీరుకున్న చోటు, అన్నీ నీలంగా ఉండేవి. ఆ వాసనకు మిద్దె మీద ఎండబోసిన మిరపకాయల ఘాటు తోడయ్యేది. ఆ రెండింటి మీదా అమ్మ కాల్చే జొన్నరొట్టె వాసన. మా ఇంటికొచ్చిన చుట్టాలు ముందు తుమ్మేవాళ్ళు, తర్వాత పలకరించేవాళ్ళు. కరుణత్త నాన్నకు అక్క, మాతోనే ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "నలభై మంది పిల్లోళ్ళుండారు, ఇంగా ఎందుకు" అనేది. అడిగినవాళ్ళు లెక్క సరిచూసుకునేలోపల బడి సంచీ తీసుకుని వెళ్ళిపోయేది.

మా ఇంట్లో అన్నం ముందు ప్రార్థన ఉండేది. అది మా చర్చికి వచ్చే అందరి ఇళ్ళలోనూ ఉండేది. ప్రార్థన తర్వాత ఇంకొకటి ఉండేది, అది మా ఇంట్లోనే. ఆమేన్ అనగానే అత్త కంచాల వైపు చూపించి "ఎవురు చేసినారు?" అనేది. మేం వరసగా చెప్పాలి. రొట్టె చేసినవారు అమ్మ. కారం దంచినవారు పక్కింటి నాగమ్మవ్వ. బియ్యం పండించినవారు హచ్చొళ్ళి ఈరన్న. ఈ పట్టీ పూర్తయ్యేదాకా కంచంలో చెయ్యి పెట్టరాదు. ఒకసారి నాన్న ఆకలి మీదుండి "ఉప్పు చేసినవారు సముద్రం. ఇంగ తిందామా అక్కా," అన్నాడు. అత్త చూసిన చూపుకు ఆ పూట ఉప్పు వేసుకోకుండానే తిన్నాడు. దేవుడికి వందనం చెప్పి వండిన మనిషిని మరిచిపోతే ఆ వందనాన్ని దేవుడు వెనక్కి పంపిస్తాడని ఆవిడ నమ్మకం. ఇది ఏ ఆదివారం ప్రసంగంలోనూ నేను వినలేదు. ఆవిడ సొంత వాక్యం.

ఈ పద్ధతినే బడిలోకి తీసుకుపోయింది. చర్చి ప్రహరీలోనే ఉన్న చిన్న తెలుగు బడి అది. రాతిగోడలు, రేకుల కప్పు, వర్షమొస్తే పాఠం వినబడదు కాబట్టి మాకు వర్షమంటే ప్రేమ. శుక్రవారం ఆఖరి పీరియడ్ బొమ్మల పుస్తకానిది. అత్త పుస్తకాన్ని గుండెల దగ్గర నిలబెట్టి పట్టుకునేది. మేమందరం లేచి నిలబడేవాళ్ళం. ఆవిడ వేలు అట్ట మీద పేర్ల కిందికి పోయేది, మేం గట్టిగా చదివేవాళ్ళం. "రాసినవారు విమలమ్మ. బొమ్మలేసినవారు ఓబులేసు." ఆ తర్వాతే కూర్చోవడం, ఆ తర్వాతే మొదటి పేజీ. అట్ట మీద ఎన్ని పేర్లుంటే అన్నీ చదవాలి, ఒక్కటి కూడా వదలరాదు, అదే నియమం. కొన్నాళ్ళకు అత్త ఇంకో ఆట మొదలుపెట్టింది. అట్ట కనబడకుండా మూసి, లోపలి బొమ్మ ఒకటే చూపించి "ఈ కొమ్ములు ఎవురివి?" అనేది. ఎద్దువని చెప్పినవాడు కూర్చోవాలి. ఓబులేసువి అని చెప్పినవాడు గెలిచినట్టు. ఇంకో బొమ్మలావిడ శాంతాబాయి వేస్తే కళ్ళు పెద్దవి, ఓబులేసు వేస్తే కొమ్ములు పొడుగు. ఆరేళ్ళ పిల్లలం, కొమ్ము చూసి మనిషి పేరు చెప్పేవాళ్ళం. కురుగోడు సంతలో ఎద్దుల బేరగాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాని విద్య అది. ఇప్పుడు కూడా ఆ తరగతి గురించి ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఇదే.

అయితే ఈ పద్ధతిలో ఒక తిరకాసు ఉందని అత్తకు రెండేళ్ళదాకా తెలియలేదు. చర్చిలో కూడా వాక్యం చదివేముందు ఫలానావారు రాసినది, ఫలానా అధ్యాయం అని పేరు చెప్పి, అందరూ లేచి నిలబడి వింటారు. ఆ పేర్లవాళ్ళందరూ ఎప్పుడో చనిపోయి పరలోకంలో ఉన్నారని మాకు ఆదివారం బడిలో చెప్పారు. లేచి నిలబడి పేరు చదివించుకునేవాళ్ళు ఎవరైనా చనిపోయినవాళ్ళే అయ్యుంటారని మా తరగతి మొత్తం ఎవరూ చెప్పకుండానే తీర్మానించుకుంది. ఇది ఎలా బయటపడిందంటే, ఒక శుక్రవారం అత్త కొత్త పుస్తకం ఒకటి పట్టుకొచ్చి "చూడండ్రా, ఓబులేసు గారు ఇంగొకటి ఏసినారు" అంది. మొదటి వరసలో కూర్చునే మంజుల లేచి "చచ్చిపోయినంక ఎట్లేసినారు టీచర్?" అని అడిగింది. ఎవరూ నవ్వలేదు. అందరికీ ఆ జవాబు కావాలి.

అత్త పాఠం చెప్పేటప్పుడు కూర్చోవడం నేను ఆ రోజే మొదటిసారి చూశాను. పుస్తకాలు మనుషులు చేస్తారని, మనలాగే ఆకలేసే మనుషులు, మనలాగే తప్పులు తుడుచుకునే మనుషులు చేస్తారని చెప్పడానికే ఆవిడ ఈ పేర్ల పద్ధతి పెట్టింది. రెండేళ్ళు పేర్లు చదివించి ఆవిడ సాధించింది ఏమిటంటే, వాళ్ళందరినీ ఒకేసారి పాతిపెట్టడం. తేరుకుని "ఆయన బతికే ఉండారమ్మా" అంది. మంజుల తల ఊపి కూర్చుంది. మేమూ తలలూపాం. చర్చిలో కూడా చనిపోయినవాళ్ళందరూ బతికే ఉన్నారనే చెప్తారు. మన కంటికి కనబడరు, అంతే. అత్త మాటతో మా అనుమానం పూర్తిగా తీరిపోయింది.

మనిషిని కళ్ళముందు నిలబెడితే తప్ప లాభం లేదని అత్తకు ఆ రోజే తెలిసినట్టుంది. పుస్తకం వెనకున్న చిరునామాకు జాబు రాసింది. ఈ సంగతి మాకెవరికీ చెప్పలేదు. ఆయన రాకపోతే పిల్లలకు ఇంకోసారి చావు కబురు చెప్పినట్టు అవుతుందని భయం.

ఇక్కడ హనుమంతప్ప మేష్ట్రు గురించి చెప్పాలి. ఆయన మా హెడ్మాస్టరు. చెడ్డవారు కాదు. పుస్తకమంటే ఆయనకు భక్తి. గర్భగుళ్ళో విగ్రహాన్ని ఎవరూ ముట్టుకోకూడదన్నంత భక్తి. బడికి వచ్చిన బొమ్మల పుస్తకాలన్నీ ఆఫీసు గదిలో బీరువాలో పెట్టి తాళం వేసి, ఏటా ఒకసారి దుమ్ము దులిపించేవారు. అత్త ఆ తాళం కోసం ఒక సంవత్సరం పాటు అడిగింది. చివరికి ఆయన ఇచ్చారు కానీ సగం కన్నడంలో షరతు పెట్టారు. "నోడ్రీ టీచరమ్మా, పుస్తకం అంటే బడి ఆస్తి. పిల్లోళ్ళ చేతికిచ్చినంక ఒక్క గీత పడిందా, తాళం నా దగ్గరికి వస్తాది. మళ్ళీ అడగరాదు." అత్త సరేనంది. అప్పట్నుంచి ఆ తాళంచెవి నల్లదారానికి కట్టి మెడలో వేసుకునేది. మా ఊళ్ళో కొందరు దాన్ని చూసి టీచరమ్మ తాళి కట్టించుకుందా అని ఆరా తీశారు.

ఇంత చెప్పాక, ఆ ఒక్క గీత ఎవరు గీశారో చెప్పడం మిగిలింది.

విమలమ్మ రాసి ఓబులేసు బొమ్మలేసిన పుస్తకాల్లో నాకు ప్రాణమైనది ఒకటుండేది. ఒక ఎద్దులబండి సంతకు పోతుంది, దారిలో ఒక్కొక్కరే ఎక్కుతారు, అంతే కథ. అందరి చేతుల్లో నలిగి దాని వెన్ను ఊడిపోయింది. అట్లా ఊడిన పుస్తకాలను అత్త ఇంటికి తెచ్చేది. నాన్న మైదాపిండి కాచి జిగురు చేసి, కార్ఖానాలో మిగిలిన జీన్స్ ముక్కలతో వెన్నుకు పట్టీ వేసేవాడు. మా బడి పుస్తకాలన్నీ ప్యాంటు వేసుకున్నట్టుండేవి. ఆ శనివారం మధ్యాహ్నం నాన్న జిగురు కాస్తున్నాడు, అత్త పిల్లల నోట్సులు దిద్దుతోంది, బండి పుస్తకం నా ముందుంది. ఏడో పేజీలో బండి మిట్టమధ్యాహ్నం నడిరోడ్డు మీద పోతోంది. కింద చిక్కటి నీడ. ఆ నీడలో ఎవరూ లేరు. ఇది నన్ను చాలా రోజులుగా బాధపెడుతున్న విషయం. మా ఊళ్ళో బండి కింద కుక్క లేకుండా బండి కదలదు. ఎండకు ఆ నీడలోనే, చక్రాల మధ్యన, బండితో సమానంగా నడుచుకుంటూ పోతుంది. ఓబులేసు మరిచిపోయాడనుకున్నాను. చనిపోయిన మనిషి, వచ్చి దిద్దుకోలేడు. ఇంకెవరో ఒకరు చూడాలి కదా. నాన్న చొక్కా జేబులోంచి నీలం పెన్ను తీసి కుక్కను వేశాను. తోక వేశాను. కుక్కకు ఒక నీడ కూడా వేశాను, పనిలో పని. వేశాక ఇంటి పద్ధతి గుర్తొచ్చింది. చేసినవారి పేరు చెప్పాలి. అట్ట మీద ఓబులేసు పేరు కింద జాగా ఉంది. 'దయాకరు' అని రాశాను.

దొంగతనంగా చేశాననుకోకండి. ఆ క్షణంలో నాకు గర్వంగానే ఉంది. భయం తర్వాత వచ్చింది, అదీ నాన్న వెన్ను తప్ప ఇంకేమీ చూడకుండా పట్టీ అంటించి, పుస్తకాన్ని పేపర్లో చుట్టి, దారంతో కట్టి "శుక్రవారం దాకా విప్పొద్దక్కా, ఆరాల" అని అత్త చేతికిచ్చాక. చుట్టిన పేపరు మీద ముడి పడ్డాక గానీ హనుమంతప్ప మేష్ట్రు షరతు నా బుర్రలోకి రాలేదు. సోమవారం ఆ పొట్లం బీరువాలోకి పోయింది. మంగళవారం అత్త జాబుకు జవాబు వచ్చింది. బుధవారం అత్త తరగతిలో నిలబడి, ముఖం నిండా నవ్వుతో చెప్పింది. "ఈ శుక్రవారం ఓబులేసు గారు మన బడికి వస్తాండారు. ఆయన బండి పుస్తకమే చదువుకుందాం."

ఆ రెండు రోజులు నేను చేసిన ప్రార్థనలు ఒక పుస్తకమవుతాయి. బస్సు టైరు పంక్చరు కావాలని, కానీ లోపలివాళ్ళకు ఎవరికీ దెబ్బ తగలకూడదని, ముఖ్యంగా ఆయనకు. అత్తకు చెప్పేద్దామని రెండుసార్లు వంటింటిదాకా పోయాను. మొదటిసారి ఆవిడ పాట పాడుకుంటూ కూరగాయలు తరుగుతోంది. అత్త పాడడం మా ఇంట్లో అరుదు. రెండోసారి "ఆయనకు కారం పడతాదో లేదో" అని అమ్మతో అంటోంది. అంత సంతోషంగా ఉన్న మనిషికి తాళం పోతుందని ఎలా చెప్పడం. నా మీద నాకున్న జాలికంటే ఆవిడ మెడలో దారం చూసినప్పుడు కలిగిన బాధ ఎక్కువ. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఏడేళ్ళవాడికి రెండూ కడుపునొప్పిలాగే ఉంటాయి, బడికి సెలవు మాత్రం ఇవ్వలేదు.

పంక్చరు కాలేదు. ఓబులేసు గారు బస్సు దిగి నడుచుకుంటూ వచ్చారు. మేం తెల్లటి పొడుగు అంగీ, కాస్త వెలుగు ఆశించాం. అరవై దాటిన బక్కమనిషి, చంకలో గొడుగు, చేతిలో గుడ్డసంచీ. అప్పట్లో మా దారి నిండా గనుల లారీలు. చొక్కా ఒకప్పుడు తెల్లదే అయ్యుంటుంది, ఇప్పుడు భుజాలదాకా ఎర్రదుమ్ము. వచ్చీరాగానే తుమ్మారు. తరగతి అంతా నిరుత్సాహంతో నిట్టూర్చింది. హనుమంతప్ప మేష్ట్రు కూడా కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మంజుల లేచింది.

"పరలోకం నుంచి ఎట్లొచ్చినారు సార్?"

ఆయన గొడుగు కింద పెట్టి కొంచెం ఆలోచించారు. "ఉరవకొండ మీదుగా పాపా. బళ్ళారిలో బస్సు మారినా."

మంజుల దగ్గరికి పోయి ఆయన మోచెయ్యి పట్టుకుని నొక్కి చూసింది. తరగతి వైపు తిరిగి "ఎముక ఉండాది" అని చెప్పింది. ఆ మాటతో నలభై మంది ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు. అత్త ముఖం చూడాలి అప్పుడు. పాతిపెట్టినవాళ్ళలో ఒక్కరినైనా లేపింది. నేను మాత్రం టేబుల్ మీదున్న పొట్లాన్నే చూస్తున్నాను.

అత్త దారం విప్పింది, పేపరు తీసింది, పుస్తకాన్ని గుండెల దగ్గర నిలబెట్టింది. అట్ట మాకు కనబడుతుంది, ఆవిడకు కనబడదు. అందరం లేచాం. ఆవిడ వేలు అలవాటుగా కదిలింది. "రాసినవారు విమలమ్మ. బొమ్మలేసినవారు ఓబులేసు." వేలు అక్కడితో ఆగింది. కానీ ఎన్ని పేర్లుంటే అన్నీ చదవాలి కదా, మా తరగతి ఆగలేదు. "దయాకరు" అంది, నలభై గొంతుకలతో, ఏ అనుమానమూ లేకుండా. నిజం చెప్పాలంటే నేను కూడా చదివాను. అలవాటు అంత గట్టిది.

అత్త పుస్తకం తిప్పి చూసింది. హనుమంతప్ప మేష్ట్రు లేచి వచ్చి చూశారు. అరచెయ్యి చాపారు, అంతే. అత్త మాట ఇచ్చిన మనిషి. మెడలోంచి తాళం దారం తీయబోయింది. అది కొప్పుకు తట్టుకుంది. ఎంత లాగినా రాదు. చరిత్రలో ఇలాంటి ఘట్టాల్లో మెరుపులో పిడుగులో వచ్చి ఆదుకుంటాయి, మాకు అత్త కొప్పు ఆదుకుంది. ఆవిడ పిన్నులు తీసుకునేలోపల ఓబులేసు గారు పుస్తకం చేతిలోకి తీసుకున్నారు.

"ఎవురప్పా దయాకరు?"

చెయ్యెత్తాను.

"ఏం బొమ్మ ఏసినావు?"

"కుక్క సార్."

"యాడ?"

ఏడో పేజీ తీసి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశారు. "ఔను, కుక్క ఉండాల్సింది. తోక కొంచెం ఎక్కువైంది, పోనీ. ఇదేంది, కుక్క పక్కన ఈ మచ్చ?"

"దాని నీడ సార్."

"బండి నీడలో నడిచే కుక్కకు మళ్ళీ నీడ యాడిదప్పా?"

ఇప్పుడు చాలామంది ఈ మాట విని ఇందులో ఏదో వేదాంతం ఉందంటారు. ఏమీ లేదు, బొమ్మ తప్పు, అంతే. ఆయన జేబులోంచి పెన్ను తీశారు. నేను వేసిన కుక్క నీడ చుట్టూ సన్నటి గీతలు, పక్కపక్కనే, ఓపికగా గీసుకుంటూ పోయారు. బండి నీడ మెల్లగా పెరిగి కుక్క నీడను మింగేసింది. నా తప్పును చెరిపేయడానికి వీల్లేదు కాబట్టి తన బొమ్మను దానికి సరిపోయేట్టు మార్చుకున్నారు. ఆ చెయ్యి కదలడం నేను రెండడుగుల దూరం నుంచి చూశాను. ఆ తర్వాత నా జీవితంలో ఏం చేయాలనే విషయంలో నాకు పెద్దగా అనుమానం మిగల్లేదు. మధ్యలో ఫ్లెక్సులు వచ్చాయి, అది వేరే సంగతి.

"ఏం చేస్తాండారు సార్? అది బడి పుస్తకం," అన్నారు మేష్ట్రు, చాపిన చెయ్యి అలాగే ఉంది.

"నా బొమ్మేగదా సార్."

"ఒక్క గీత పడినా తాళం నాకివ్వాలని మాట."

"అట్లనా." ఓబులేసు గారు పెన్నుకు మూత పెట్టారు. "ఈ పిల్లోడివి పది గీతలుంటే ఇప్పుడు నావి యాభై అయినాయి. అట్లయితే తాళం టీచరమ్మతో కాదు, నాతో తీసుకోవల్ల. నా దగ్గరుండేది అనంతపురంలో మా ఇంటి తాళమే. అదే ఇమ్మంటే ఇస్తా. మా ఆవిడకు మాత్రం మీరే చెప్పుకోండి."

పిల్లలు నవ్వారు. మేష్ట్రు కిటికీలోంచి చర్చి గంట వైపు కాసేపు చూశారు. అత్త రెండు చేతులూ కొప్పులోనే ఉన్నాయి. చివరికి ఆయన చెయ్యి మడిచి జేబులో పెట్టుకుని "ఒగ్గాణి, బజ్జీలు తెప్పించినా. చల్లారతాయి, రాండి" అన్నారు. ఆ రోజు నుంచి తాళం మాట ఎవరూ ఎత్తలేదు. ఓబులేసు గారు బొరుగుల ఒగ్గాణి రెండు పొట్లాలు తిని, మిరపకాయ బజ్జీలు ఐదు తిని, కారం పడుతుందా అన్న అత్త అనుమానం తీర్చి, నాలుగు గంటల బస్సుకు వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక నా వంతు. అత్త కొట్టలేదు. కొట్టి ఉంటే తొందరగా అయిపోయేది. అన్నం ముందు ఆమేన్ తర్వాత, కంచాల వైపు చూపించకుండా నా వైపు చూసింది. "బండి కింద నడిచే కుక్క ఏమనుకుంటాదో తెలుసునా? బండిని నేనే మోస్తాండా అనుకుంటాది. ఒక పేజీలో పది గీతలు గీసి అట్ట మీద పేరు రాసుకుంటావా? మిగిలిందంతా ఏసినాయన అనంతపురం నుంచి దుమ్ము తినుకుంటా వచ్చినాడు." నాన్న నా తరఫున ఏదో అనబోయాడు. "నువ్వుండు. నీ పెన్నే అది." నాన్న ఉన్నాడు. ఆ తర్వాత అత్త జీన్స్ ముక్క ఒకటి రెండు వేళ్ళంత కత్తిరించమంది. నాన్న జిగురు రాసి నా పేరు మీద అంటించాడు. "పని నేర్చుకో. నేర్చుకున్నంక తీస్తాం," అంది అత్త. తర్వాతి శుక్రవారం మా తరగతి ఆ పుస్తకం పేర్లు చదివేటప్పుడు ఓబులేసు తర్వాత ఒక్క క్షణం ఆగింది, నీలం గుడ్డను చూస్తూ. ఆ ఆగడం ఆ ఏడాదంతా ఉంది. నాకు అది పేరు చదివినదానికంటే గట్టిగా వినిపించేది.

రెండు వారాల కిందట శుక్రవారం ఇస్త్రీ చొక్కాతో ఆ బడికి పోయాను. కప్పగల్లు దాటాక దారి వెడల్పయింది. లారీలు తగ్గాయి, బైకులు పెరిగాయి. తరగతిలో గోడకు పెద్ద టీవీ ఉంది. కథలన్నీ దాంట్లో కదులుతాయి, పాడతాయి, చివర పేర్లు వచ్చేలోపల ఎవరో ఒకరు ఆపేస్తారు. మా దుకాణంలో ఆకాశాలు, టీవీలో ఏనుగులు, అన్నీ తమంతట తామే పుట్టినట్టుంటాయి. అప్పుడు మాకు బొమ్మలేసినవాళ్ళందరూ చనిపోయినవాళ్ళు. ఇప్పటి పిల్లలకు వాళ్ళు పుట్టనేలేదు. ఈ రెండింటిలో ఏది నయమో నేను చెప్పలేను. చనిపోయినవాళ్ళకైనా పేరుండేది. అయినా శుక్రవారం ఆఖరి పీరియడ్లో టీవీ మీద గుడ్డ కప్పుతారు. కప్పేది మంజుల టీచరు. ఔను, ఆ మంజులే. నేను లోపలికి రాగానే నా మోచెయ్యి నొక్కి చూసి "ఉండాది" అని పిల్లలకు చెప్పింది. వెనక బెంచీ మీద, రిటైరై ఏడేళ్ళయినా ఒక్క శుక్రవారం మానని మా కరుణత్త.

పిల్లలు లేచి నిలబడి నా పేరు చదివారు. జేబులోంచి రుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాను. ఎర్రదుమ్ము వల్ల అని చెప్పాలనుకున్నాను కానీ తలుపులు మూసి ఉన్నాయి. వెనక నుంచి ఒక గొంతు మిగిలినవాళ్ళకంటే అరక్షణం ఆలస్యంగా నా పేరు చదివింది. చర్చిలో కూడా ఆవిడ ఎప్పుడూ అరక్షణం వెనకే. నేను అటు చూడలేదు.

పీరియడ్ అయ్యాక అత్త సంచీలోంచి బండి పుస్తకం తీసింది. జిగురు పసుపెక్కింది, వెన్ను మీద పట్టీ తెల్లబడింది, అట్ట మీద ఆ రెండు వేళ్ళ గుడ్డ మాత్రం గట్టిగా ఉంది. నాన్న పనితనం. "ఇప్పుడు తీయొచ్చునా అత్తా?" అన్నాను, నవ్వులాటకు అన్నట్టే. అత్త నా మేక పుస్తకం తెరిచి ఒక పేజీ మీద వేలు పెట్టింది. "మేక కాలవ దూకేటప్పుడు ఎనక కాళ్ళు ఇట్లుంటాయా? ఎప్పుడన్నా చూసినావా మేకను?" చూశానన్నాను. "సరిగ్గా చూడు. ఇంగొక పుస్తకం రానీ," అని బండి పుస్తకాన్ని సంచీలో పెట్టుకుంది. మంజుల కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. నేను నా పుస్తకాలు పది బడికిచ్చి బస్సెక్కాను. ఇప్పుడు బీరువాకు తాళం లేదు, అసలు తలుపే లేదు.

నిన్న మళ్ళీ ఫోన్. నమస్కారం లేదు. "దయా, నీ పుస్తకంలో మేక మెడకు ఎవురో గంట కట్టినారు."

"గంటా?"

"పెన్నుతో ఏసినారు. బాగనే ఉండాది. అట్ట మీద నీ పేరు కింద పేరు కూడా రాసుకుండారు. ఈ శుక్రవారం అందరూ కలిసి చదివినారు."

ఒక నాయకుడి తలకాయ సగం కత్తిరించి ఆగి ఉంది తెర మీద. "మరి ఏం చేసినారత్తా?"

"ఏం చేస్తాం. పద్ధతి పద్ధతే గదా. గుడ్డ అంటించినాం. మీ నాయన కొత్త ముక్క కత్తిరిస్తా అన్నాడు. దండగెందుకని నీ పేరు మీదిది ఊడదీసి అంటించినా," అని పెట్టేసింది.